చిన్నకథ – సహృదయ విమర్శ

పాఠ్యాంశ ఉద్దేశం

తోటివారు రాసిన చిన్నకథను చదివి, గుణదోషాలను వారికి ఉపకరించే విధంగా చెప్పడం ఒక విద్య. భయానకాద్భుత కథలు, వైజ్ఞానిక కల్పనా కథలు ఆధారంగా ఆ విద్యను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

కథ రాసినవాడు దానిని మొదట ఒక మిత్రునికి చూపుతాడు. "ఎలా ఉంది?" అని అడుగుతాడు. "బాగుంది" అని మిత్రుడు కాగితం తిరిగి ఇస్తాడు. ఆ ఒక్క మాటతో రాసినవానికి తెలిసింది ఏమీ లేదు. మరొకరు "బాగాలేదు" అంటారు. దానివల్లనూ తెలిసింది లేదు, పైగా మనసు నొచ్చుకుంటుంది. ఈ రెండు మాటల నడుమ చెప్పవలసింది ఎంతో ఉన్నది. అది ఏమిటో, ఎలా చెప్పాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠ్యభాగం

విద్యార్థులారా! ఒక పుటకు మించని కథను మన పత్రికలు గల్పిక అనీ, మినీకథ అనీ, పోస్టుకార్డు మీద ఇమిడితే కార్డు కథ అనీ పిలిచాయి. ఇతర దేశాలలోనూ ఇటువంటి కథలకు ఆదరణ ఉన్నది. ఫ్రెడ్రిక్ బ్రౌన్ అనే అమెరికన్ రచయిత 1948లో ప్రచురించిన 'నాక్' అనే కథ రెండే వాక్యాల భయానక కథతో ఆరంభమవుతుంది. 1980లలో బ్రిటన్‌లోని వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమానులు సరిగా నూరు పదాలలో కథ రాయడాన్ని ఒక నియమంగా పెట్టుకున్నారు. ఆ నూరు పదాల కథకు 'డ్రాబుల్' అని పేరు.

నూరు పదాల కథలో పది పదాల వాక్యం ఒకటి వ్యర్థమైతే కథలో పదోవంతు వ్యర్థమైనట్లే. మూడు వందల పుటల నవలలో ఒక పుట సడలినా పాఠకుడు క్షమించి ముందుకు సాగుతాడు. చిన్నకథకు ఆ వెసులుబాటు లేదు. విమర్శకూ అదే వర్తిస్తుంది. నవలపై చెప్పిన ఒక మాట నవలలో ఒక మూలను తాకుతుంది. చిన్నకథపై చెప్పిన ఒక మాట కథనంతటినీ తాకుతుంది. కనుక చిన్నకథను విమర్శించేవాడు మాటను తూచి పలకాలి.

ఈ పాఠంలో రెండు రకాల కథలను ఉదాహరణలుగా తీసుకుంటున్నాను. మొదటిది ఆంగ్లంలో 'డార్క్ ఫాంటసీ' అని పిలిచేది. దానిని భయానకాద్భుత కథ అనవచ్చు. భరతుడు నాట్యశాస్త్రంలో పేర్కొన్న రసాలలో భయానకం, అద్భుతం రెండూ ఉన్నాయి. భయం ఒకదానికి స్థాయి, విస్మయం మరొకదానికి స్థాయి. ఆ రెండూ కలిసిన చోట ఈ కథ పుడుతుంది. శవాన్ని భుజాన వేసుకొని నడిచే రాజు కథ వింటూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు. రెండవది వైజ్ఞానిక కల్పనా కథ. శాస్త్రం సాధించినదాన్నో, సాధించగలదని ఊహించినదాన్నో ఆధారం చేసుకొని మనిషిని చూపే కథ ఇది. ఒకటి చీకటిలోకి నడుస్తుంది, ఒకటి రాబోయే కాలంలోకి నడుస్తుంది. రెండింటిలోనూ లేనిదాన్ని ఉన్నట్లు నమ్మించాలి. ఆ నమ్మకం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో రచయిత ఒంటరిగా తెలుసుకోలేడు. అందుకు మరొక పాఠకుడు కావాలి.

నలుగురు భావకులు

కావ్యాన్ని చదివి విలువ కట్టేవానిని మన ఆలంకారికులు 'భావకుడు' అన్నారు. క్రీ.శ. తొమ్మిదో శతాబ్దం చివర, పదో శతాబ్దం తొలినాళ్ళలో జీవించిన రాజశేఖరుడు 'కావ్యమీమాంస' అనే గ్రంథంలో భావకులను నాలుగు విధాలుగా విభజించాడు. మొదటివాడు అరోచకి. ఎంత మంచి రచన అయినా వానికి రుచించదు. రెండవవాడు సతృణాభ్యవహారి. అనగా గడ్డీ గాదరమూ కలిపి తినేవాడు. ఏది పెట్టినా వానికి బాగానే ఉంటుంది. మూడవవాడు మత్సరి. గుణం కనబడినా అసూయచేత ఒప్పుకోడు. నాలుగవవాడు తత్త్వాభినివేశి. రచనలోని సారాన్ని పట్టుకోవడమే వాని లక్ష్యం. అటువంటివాడు వేయిమందిలో ఒక్కడుంటే ఉంటాడని రాజశేఖరుని అభిప్రాయం.

ఈ విభజన వేయి సంవత్సరాలకు పైబడినది. అయినా మన తరగతి గదిలో నలుగురూ కనబడతారు. అన్నింటికీ "సూపర్" అనే మిత్రుడు సతృణాభ్యవహారి. "ఇవేం దయ్యాల కథలు?" అని చదవకుండానే పక్కన పెట్టేవాడు అరోచకి. "ఇది ఏదో సినిమాలో చూసినట్లుంది" అని మాత్రమే అని ఊరుకునేవాడు తరచుగా మత్సరి. నాలుగవవాడు పుట్టుకతోనే రాడు, సాధనతో తయారవుతాడు. నా అనుభవంలో నాకీ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఎర్రసిరా

చాలా సంవత్సరాల క్రితం నేను అనంతపురం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో తెలుగు బోధించేవాడిని. వర్షం మీద ఆధారపడి వేరుశనగ పండించే ప్రాంతం అది. వానలు లేని సంవత్సరాలలో ఊళ్ళకు ఊళ్ళు కూలిపనికి బెంగళూరు వెళ్ళేవి. శనివారం చివరి గంటలో, ఆసక్తి ఉన్న విద్యార్థులచేత నూరు పదాలకు అటూ ఇటూగా కథలు రాయించేవాడిని. ఒకనాడు రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ఈ కథ ఇచ్చాడు.

నీడ తాకట్టు

మూడేళ్ళుగా వాన లేదు. రైతు షావుకారు గడప తొక్కాడు.
"తాకట్టుకు ఏం తెచ్చావు?"
"ఏమీ మిగల్లేదు."
"నీడ ఉంది కదా!"
రైతు తన నీడను తాకట్టు పెట్టి విత్తనం కొన్నాడు. ఆ ఏడూ వాన లేదు. మరుసటి ఏడు భార్య నీడ, ఆ పై ఏడు కూతురి నీడ షావుకారు ఇల్లు చేరాయి. ముగ్గురూ నడివీధిలో నడిచినా ఊరివాళ్ళు పలకరించడం మానేశారు.
కొన్నేళ్ళకు వాన కురిసింది. పంట పండింది. రైతు అసలూ వడ్డీ కట్టి, "మా నీడలు ఇవ్వండి" అన్నాడు. షావుకారు ఒక గది తలుపు తీశాడు. లోపల భయంకరమైన, దారుణమైన, అతి ఘోరమైన చీకటి. "ఏవి మీవో వెతుక్కో" అన్నాడు.
ఆ చీకటి అంతా ఊరి రైతుల నీడలే. అయ్యో! అప్పు మనిషిని బతికుండగానే మింగుతుంది. కాబట్టి ఎవరూ అప్పు చేయరాదు.

కథ చదివి నేను సంతోషించాను. వెంటనే ఎర్రసిరా కలం తీసుకున్నాను. చీకటికి ముందున్న మూడు విశేషణాలను కొట్టివేశాను. చివరి పేరాను అడ్డంగా కొట్టివేశాను. పక్కన "నీతి అనవసరం. కథ 'వెతుక్కో' దగ్గర ముగియాలి" అని రాశాను. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని సిద్ధాంతాన్ని తరగతిలో పది నిమిషాలు వివరించాను. చెప్పకుండా స్ఫురింపజేయడమే కావ్యానికి ప్రాణమని, ఈ అబ్బాయి చెప్పి చెడగొట్టాడని అందరి ముందూ అన్నాను. కథలో నాకు నచ్చినది ఏమిటో మాత్రం చెప్పడం మరిచిపోయాను. సంతోషించిన సంగతి నా మనసులోనే ఉండిపోయింది.

తరువాతి శనివారం ఆ విద్యార్థి కథ ఇవ్వలేదు. ఆ తరువాతి శనివారం రాలేదు.

నేను కొట్టివేసిన వాక్యాలు కొట్టివేయదగినవే అని నేటికీ నా అభిప్రాయం. తప్పు దిద్దుబాటులో లేదు, దిద్దిన తీరులో ఉన్నది. 1910లో వెలువడిన గురజాడ అప్పారావు ప్రసిద్ధ కథ పేరు 'దిద్దుబాటు'. ఆ కథలో భర్తను దిద్దిన భార్య అతనిని నలుగురిలో నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు. తన తప్పు తనకే కనబడే ఉపాయం చేసింది. ఆ కథను ఏటేటా పాఠం చెప్పిన నేను దానినుండి పాఠం నేర్చుకోలేదు.

వినే పద్ధతి

రచయితలు పరస్పరం ఎలా విమర్శించుకుంటారో ఆ రోజుల్లోనే చదవడం ప్రారంభించాను. 1956లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో డేమన్ నైట్, జుడిత్ మెరిల్, జేమ్స్ బ్లిష్ అనే వైజ్ఞానిక కల్పనా రచయితలు ఒక సమావేశాన్ని ఆరంభించారు. అక్కడ రచయితలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరి కథను అందరూ ముందే చదివి వస్తారు. వరుసగా ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెబుతారు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డు రారాదు. కథ రాసినవారు అందరూ చెప్పేదాకా మౌనంగా వినాలి. చివర వారికి మాట్లాడే అవకాశం ఉంటుంది. 1968లో రాబిన్ స్కాట్ విల్సన్ అదే రాష్ట్రంలోని క్లారియన్ కళాశాలలో కొత్త రచయితలకోసం ఈ పద్ధతిలో శిక్షణ ప్రారంభించాడు. 1970లో అక్కడ నేర్చుకున్నవారిలో ఆక్టేవియా బట్లర్ ఒకరు. తరువాతి కాలంలో ఆమె ఆ ప్రక్రియలో అగ్రశ్రేణి రచయిత్రి అయింది.

రచయిత ఎందుకు మౌనంగా ఉండాలి? కథ పత్రికలో అచ్చయిన తరువాత పాఠకుని పక్కన కూర్చొని "నా ఉద్దేశం ఇది" అని రచయిత చెప్పలేడు. కాగితం మీద ఉన్నదే పాఠకునికి చేరుతుంది. ఏమి చేరిందో, ఏమి చేరలేదో తెలియాలంటే వాదించకుండా వినాలి.

రచయిత పేరు తెలియడం కూడా ఒక్కొక్కసారి విమర్శకు అడ్డు. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు వైజ్ఞానిక కథల పోటీ నిర్వహించింది. అప్పటికే ఖగోళ శాస్త్రవేత్తగా ప్రసిద్ధుడైన జయంత్ విష్ణు నార్లీకర్ దానికి ఒక కథ పంపాడు. తన పేరు చూసి బహుమతి ఇచ్చారన్న మాట రాకూడదని 'నారాయణ్ వినాయక్ జగతాప్' అనే మారుపేరు పెట్టుకున్నాడు. తన పేరులోని మొదటి అక్షరాలను తిరగవేస్తే వచ్చిన పేరు అది. కృష్ణబిలాన్ని గురించిన ఆ కథకు ప్రథమ బహుమతి లభించింది. ఆ బహుమతి కేవలం కథకు వచ్చినది.

ఈ రెండు పద్ధతులను నా తరగతిలో ప్రవేశపెట్టాను. కథలను పేరు లేకుండా చదివేవాళ్ళం. రచయిత ఎవరో చివర చెప్పేవాళ్ళం. చేతిలో ఎర్రసిరా కలం మానేశాను. మాట్లాడేవారికి మూడు మెట్లు పెట్టాను.

మూడు మెట్లు

మొదటి మెట్టు: చదువుతుండగా తనకు కలిగిన అనుభవం చెప్పడం. "ఇక్కడ నాకు ఒళ్ళు జలదరించింది", "ఇక్కడ నవ్వు వచ్చింది", "ఇక్కడ నా మనసు వేరే సంగతిమీదికి పోయింది". ఇవి తీర్పులు కావు, సమాచారం. పాఠకుని అనుభవాన్ని రచయిత కాదనలేడు. భయపెట్టదలచిన చోట నవ్వు వచ్చిందంటే ఆ రచయితకు అంతకంటె విలువైన సమాచారం లేదు. నచ్చిన చోటును కూడా వాక్యంతో సహా చూపించాలి. లేకపోతే రచయిత మరుసటి ప్రతిలో ఆ మంచి వాక్యాన్నే తీసివేయవచ్చు.

రెండవ మెట్టు: తడబడిన చోటు చెప్పడం. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యం జీవమన్నాడు. కల్పిత లోకానికి కూడా ఔచిత్యం ఉన్నది. నీడను తాకట్టు పెట్టవచ్చునని ఒప్పుకున్న పాఠకుడు, ఆ లోకపు నియమాన్ని కథే మీరితే మాత్రం ఒప్పుకోడు. నీడలేని మనిషి నాలుగో వాక్యంలో చెట్టు కింద తన నీడను చూసుకుంటే కథ కూలిపోతుంది. మాటలలోనూ ఈ తడబాటు ఉంటుంది. మూడు విశేషణాలు వరుసగా వచ్చిన చోట చీకటి చిక్కబడదు, పలచబడుతుంది. అయితే దోషమన్నది ఎల్లప్పుడూ దోషం కాదు. చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం పునరుక్తి దోషం. దుఃఖంలో ఉన్నవాడు ఒకే మాట పదేపదే అంటే అది దోషం కాదని మన ఆలంకారికులే చెప్పారు. కనుక తడబడిన చోటును చూపాలి కాని, వెంటనే తీర్పు చెప్పరాదు.

మూడవ మెట్టు: ప్రశ్న అడగడం. "నేనైతే ఇలా ముగిస్తాను" అన్నది విమర్శ కాదు, మరొక కథ. "ఈ రైతుకు ఎన్నేళ్ళు పట్టింది?" అన్నది ప్రశ్న. "షావుకారుకు నీడలెందుకు?" అన్నది ప్రశ్న. ప్రతి ప్రశ్నకూ కథలో జవాబు ఉండాలని లేదు. షావుకారుకు నీడలెందుకో చెప్పకపోతేనే భయం నిలుస్తుంది. ఏ ప్రశ్నకు జవాబు రాయాలో, దేనిని విడిచిపెట్టాలో నిర్ణయించేది రచయితే.

శాస్త్రం దిద్దిన కథ

ఈ మెట్లు ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణ చూడండి. ఒక విద్యార్థిని 'పిలుపు' అనే వైజ్ఞానిక కథ రాసింది. భూమి మీద ఉన్న తల్లి, అంగారక గ్రహం మీద పనిచేస్తున్న కొడుకు రోజూ సాయంత్రం మాట్లాడుకుంటారు. మొదటి ప్రతిలో సగం కథ వారు మాట్లాడుకునే యంత్రం వర్ణనకే సరిపోయింది. మిగతా సగంలో తల్లీ కొడుకులు పక్కపక్క ఇళ్ళలో ఉన్నట్లు చకచకా మాట్లాడుకున్నారు.

మొదటి మెట్టులో నలుగురు ఒకే మాట చెప్పారు: తల్లి మాట్లాడేదాకా కథ మొదలైనట్లు అనిపించలేదని. రెండవ మెట్టులో భౌతికశాస్త్రం ఇష్టపడి చదివే విద్యార్థి లేచి, సందేశాన్ని మోసే రేడియో తరంగాలు కాంతివేగంతోనే, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతాయన్నాడు. అంగారకుడు మనకు మిక్కిలి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, మిక్కిలి దూరంగా ఉన్నప్పుడు సుమారు 40 కోట్ల కిలోమీటర్లు. మాట అక్కడికి చేరడానికే 3 నుండి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంత. "ఈ కథ తప్పు" అని అతడు అనబోతుంటే, దానినే ప్రశ్నగా అడగమన్నాను. అతడు కాసేపు ఆలోచించి, "జవాబు వచ్చేదాకా ఆ తల్లి ఏమి చేస్తుంది?" అని అడిగాడు.

ఆ అమ్మాయి మరుసటి వారం తెచ్చిన ప్రతి ఇది:

"అబ్బాయీ, అన్నం తిన్నావా?" అని అడిగి అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అంగారకుడి నుండి జవాబు రావడానికి ఈ నెలలో నలభై నిమిషాలు. ఆ వ్యవధిలో ఆమె బియ్యం కడిగేది, ఎసట్లో పోసేది, వార్చేది, ఒక్క కంచమే పెట్టుకునేది.
పెట్టె పలికింది: "తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?"
పొయ్యి మీద అన్నం మాడుతున్నది.
నలభై నిమిషాల తరువాత పెట్టె మళ్ళీ పలికింది: "అమ్మా?"

యంత్రం వర్ణన అంతా పోయి 'పెట్టె' అనే ఒక్క మాట మిగిలింది. శాస్త్రం దృష్టిలో దోషమైన చోటే కథకు గుండె అయింది. తల్లికి ఏమయిందో రచయిత్రి చెప్పలేదు. మాడిన అన్నం చెప్పింది. "ఈ కథ తప్పు" అని ఆ మిత్రుడు కూర్చుండిపోయి ఉంటే ఈ ప్రతి పుట్టేది కాదు.

తిరిగి వచ్చిన నీడ

నీడ కథ రాసిన అబ్బాయి కొన్ని వారాల తరువాత గ్రంథాలయంలో కనబడ్డాడు. పక్కన కూర్చున్నాను.

"నాయనా! ఆ కథలో షావుకారు 'నీడ ఉంది కదా' అన్నచోట నాకు గుండె ఝల్లుమన్నది. ఆనాడే ఈ మాట చెప్పవలసింది. చెప్పలేదు" అన్నాను.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మీరు చివరి మాట కొట్టేసినారు కదా సార్. ఆ మాట చెప్పడానికే మిగతాదంతా రాసినాను" అన్నాడు.

నేను ధ్వని సిద్ధాంతం ఎత్తలేదు. "ఆ మాట ఎవరికోసం?" అని అడిగాను.

"మా నాయన కోసం సార్. అప్పు తీర్చడానికి బెంగళూరుకు కూలికి పోయినాడు. తీర్చినాడు. ఇంటికి వచ్చేసరికి మా చెల్లెలు ఆయన్ను గుర్తుపట్టలేదు."

నేను కొట్టివేసిన వాక్యంలో కళ తక్కువ కావచ్చు. కాని ఆ కథ పుట్టిన చోటు అది. దానిని కొట్టివేయడానికి ముందు, అది అక్కడ ఎందుకున్నదో నేను అడగవలసింది. ఇప్పుడైనా అడగదగినది ఒక్కటే ప్రశ్న కనబడింది. "అప్పు తీరిపోయిన తరువాత కూడా తిరిగి రానిది ఏమిటి?" అన్నాను. అతడు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళాడు. వారం తరువాత కథ ముగింపు మార్చి తెచ్చాడు. 'కొన్నేళ్ళకు' అన్నచోట 'పదేళ్ళకు' అని ఉన్నది. ఆపైన ఇలా ఉన్నది:

షావుకారు ఒక గది తలుపు తీశాడు. లోపల చీకటి. "ఏవి మీవో వెతుక్కో" అన్నాడు.
రైతు తన నీడను పోల్చుకున్నాడు. భార్య నీడను పోల్చుకున్నాడు. మూలన కూతురి నీడ దొరికింది. తెచ్చి ఆమె పాదాల దగ్గర పరిచాడు.
అది ఐదేళ్ళ పిల్ల నీడ. కూతురికి పదిహేనేళ్ళు.

'వెతుక్కో' దగ్గర కథ ముగియాలని నేను ఎర్రసిరాతో శాసించాను. ఆ శాసనాన్ని అతడు పాటించి ఉంటే ఈ ముగింపు పుట్టేది కాదు. మూడు విశేషణాలు వాటంతట అవే పోయాయి. నీతివాక్యమూ పోయింది. కాని అతడు తండ్రికోసం చెప్పదలచిన మాట పోలేదు. తనకు నచ్చిన ముగింపును విమర్శకుడు రచయిత చేతిలో పెట్టరాదని, రచయిత తన ముగింపును తానే కనుగొనేదాకా తోడు నడవాలని నాకు ఆనాడు తెలిసింది.

రెండు హెచ్చరికలు

మొదటిది రచయితకు. విన్న ప్రతి సలహానూ పాటించనక్కరలేదు. ముగ్గురు ఒకేచోట తడబడ్డామంటే ఆ చోట ఏదో లోపం ఉన్నదని నమ్మండి. వారు చెప్పిన మూడు మందులలో ఒక్కటీ సరైనది కాకపోవచ్చు. జబ్బు ఉన్నచోటు పాఠకునికి తెలుస్తుంది, మందు రచయితకు తెలుస్తుంది. విన్నవన్నీ రాసుకొని రెండు రోజులు పక్కన పెట్టండి. ఆ తరువాత కూడా మనసును వదలని మాటను స్వీకరించండి.

రెండవది విమర్శకునికి. చీకటి కథ రాసిన ప్రతివారూ చీకటిలో ఉన్నారని అనుకోరాదు. భయానకం ఒక రసం, దానిని సరదాగా ఆస్వాదించేవారే ఎక్కువ. అయితే కథ వెనుక నిజమైన బాధ ఉన్నదని మీకు తోచితే, ఆ సంగతి తరగతి ముందు ఎత్తకండి. కథను గురించి అందరిలో మాట్లాడవచ్చు. మనిషిని గురించి ఏకాంతంలో, స్నేహితునిగా మాట్లాడాలి. అవసరమైతే అధ్యాపకునికో, ఇంటి పెద్దలకో చెప్పాలి. అక్కడ వాక్యాల గుణదోషాలతో పని లేదు.

విద్యార్థులారా! రాజశేఖరుడు చెప్పిన తత్త్వాభినివేశి వేయిమందిలో ఒక్కడు కావచ్చు. కాని ఒక పుట కథను శ్రద్ధగా చదివి, తనకు కలిగిన అనుభవాన్ని నిజాయితీగా చెప్పి, ఒక మంచి ప్రశ్న అడగడం మనలో ఎవరికైనా సాధ్యమే. రాసినవాడు దాచుకొని తెచ్చిన కాగితం మీ చేతికి వచ్చినప్పుడు, కలం తీయడానికి ముందు దానిని రెండుసార్లు చదవండి. ఒక రచయితకు తోటివాడు చేయగల మహోపకారం అది.

కఠిన పదాలు – అర్థాలు

అరోచకి = ఏదీ రుచించనివాడు
ఆలంకారికులు = కావ్యశాస్త్రాన్ని రచించిన పండితులు
ఔచిత్యం = తగినట్లుండడం
ధ్వని = చెప్పకుండా స్ఫురించే అర్థం
పునరుక్తి = చెప్పినదానినే మళ్ళీ చెప్పడం
భావకుడు = కావ్యాన్ని ఆస్వాదించి విలువ కట్టేవాడు
మత్సరి = అసూయ కలవాడు
విస్మయం = ఆశ్చర్యం
స్థాయి = రసానికి మూలమైన భావం

వ్యాకరణాంశాలు

సంధులు
భయానకాద్భుతం = భయానక + అద్భుతం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి
నాట్యశాస్త్రం, గుణదోషాలు, నూరు పదాలు – ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.

ప్రశ్నలు

I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "నీడ ఉంది కదా!"
2. "జవాబు వచ్చేదాకా ఆ తల్లి ఏమి చేస్తుంది?"
3. "ఆ మాట చెప్పడానికే మిగతాదంతా రాసినాను."

II. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'డ్రాబుల్' కథలో ఎన్ని పదాలు ఉంటాయి?
2. కావ్యమీమాంసను రచించినవారెవరు?
3. మిల్‌ఫర్డ్ సమావేశం ఏ సంవత్సరంలో ఆరంభమైంది?
4. జయంత్ విష్ణు నార్లీకర్ మారుపేరు ఎందుకు పెట్టుకున్నాడు?

III. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. రాజశేఖరుడు చెప్పిన నలుగురు భావకుల స్వభావాలను తెలపండి.
2. విమర్శ జరుగుతున్నప్పుడు రచయిత మౌనంగా ఉండడంలోని ప్రయోజనం ఏమిటి?
3. 'పిలుపు' కథలోని శాస్త్రీయ దోషం కథకు ఎలా ఉపకరించింది?

IV. వ్యాసరూప సమాధానం రాయండి.
1. 'నీడ తాకట్టు' కథ రెండు ముగింపులను పోల్చి, రచయిత తన దిద్దుబాటులో గ్రహించిన పొరపాటును వివరించండి.

V. అభ్యాసం
నూరు పదాలకు మించకుండా ఒక భయానకాద్భుత కథనో, వైజ్ఞానిక కల్పనా కథనో రాయండి. పేరు రాయకుండా తరగతిలో ఇచ్చిపుచ్చుకోండి. మీకు వచ్చిన కథకు మూడు మెట్ల ప్రకారం మూడు వాక్యాలు రాయండి. నాలుగో వాక్యం రాయాలనిపిస్తే, దానిని ప్రశ్నగా మార్చండి.